కింద గీత ఉన్న అంకె

ఉదయం తొమ్మిదీ నలభైకి ఎదురు క్వార్టరులో ఉండే అమ్మాయి వచ్చి కొలత టేపు అడిగింది. అమ్మాయి అంటున్నాను గాని ఆమెకు తొమ్మిదేళ్ళ కూతురు ఉంది. టైము ఎందుకు గుర్తుందంటే, ఆ ఏడాది నేను గడియారం ఎక్కువగా చూసేవాడిని. నా భార్య చనిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఏ చిన్న పని జరిగినా గడియారం వైపు చూసి, రోజులో ఇంకా ఎంత మిగిలిందో లెక్క వేసుకునేవాడిని.

"బాబాయ్, పిన్ని టేపు ఉందేటి? బట్టలు కొలిచేది కాదు, ఇనపది."

"ఎందుకమ్మా?"

"పాపని కొలవాలట. ఫిజియో మేడమ్ రాసి తెమ్మంది."

నా భార్య వస్తువులన్నీ ఆమె బల్ల సొరుగులోనే ఉన్నాయి. నేను ఆ సొరుగు తెరిచింది ఆ రోజే మొదటిసారి.

మేముండేది భిలాయి సెక్టర్ 7లో. నేను స్టీల్ ప్లాంటు బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆమె ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో బొమ్మలకు నకళ్ళు తీసే ట్రేసర్‌గా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయింది. ఆ మాటకు ఆడవాళ్ళ రూపం వాళ్ళ ఆఫీసులో లేదు. ఆమె దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. చేరినప్పుడు వాలు బల్ల మీద సిరా పెన్నుతో గీసింది, చివరి ఏళ్ళలో కంప్యూటర్ మీద గీసింది. బల్లలు తీసేసిన రోజు ఇంటికి వచ్చి, "నడుం నొప్పి తగ్గుతుంది," అంది. అంతే.

టేపు తీసుకుని నేనూ ఎదురింటికి వెళ్ళాను. పాపకు పుట్టినప్పటి నుంచి కాళ్ళలో బలం లేదు. కూర్చుంటుంది, చదువుతుంది, అందరికంటే ఎక్కువ మాట్లాడుతుంది. నిలబడలేదు. రోజూ ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట ఆమెను నిలబెట్టి ఉంచాలని ఫిజియో చెప్పిందట. లేకపోతే తుంటి కీళ్ళు బిగుసుకుపోయి, ముందు ముందు కూర్చోవడం కూడా కష్టమవుతుంది. జూన్ నెలాఖరుకు మళ్ళీ చూస్తానని, అప్పటికి ఇంకా బిగిస్తే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలని చెప్పింది. అప్పుడు మార్చి నెల.

తల్లి పాపను చంకల కింద చేతులు పెట్టి ఎత్తి నిలబెట్టేది. పది నిమిషాలు దాటితే ఆమె నడుము ఒప్పుకునేది కాదు. తండ్రికి షిఫ్టులు. నిలబెట్టే ఫ్రేములని ఉంటాయి, వాటిలో పిల్లను బెల్టులతో బిగించి నిలబెడతారు. రాయ్‌పూర్ వెళ్ళి చూశారు. అక్కడ ఉన్నవేవీ పాప సైజుకు రాలేదు.

"ఎవరైనా గీసిస్తే ఇక్కడే చేయించుకోవచ్చు బాబాయ్. గీసేవాళ్ళేరీ," అంది తల్లి. అని, తర్వాత నా మొహం చూసి, అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు టేపు చుట్టసాగింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట నా భార్య అలాంటిదే ఒకటి గీసింది. సెక్టర్ 6లో ఆమె ఆఫీసువాళ్ళ అమ్మాయికి. ఆదివారాలు మా ముందు గదిలో కూర్చుని గీసింది. ఆ కుటుంబం తర్వాత ఊరు మారిపోయింది. ఫ్రేము, అసలు డ్రాయింగు వాళ్ళతోనే వెళ్ళాయి.

రెండు రోజులు వెతికితే ఆమె ఫైళ్ళలో జిరాక్సు దొరికింది. పెద్ద కాగితాన్ని కుదించి చిన్న కాగితం మీదకు తీసిన జిరాక్సు. గీతలు బాగానే ఉన్నాయి. అంకెలు మాత్రం బూడిద రంగు మరకల్లా అయిపోయాయి. ఒక్క అంకె స్పష్టంగా ఉంది. నేల పలక నుంచి మోకాలి దిండు దాకా ఉన్న ఎత్తు, మిల్లీమీటర్లలో: 330. మిగతా వాటికంటే ముదురుగా, వేరే పెన్నుతో రాసినట్టు ఉంది. దాని కింద తిన్నగా ఒక గీత ఉంది.

పాప మోకాలి ఎత్తు ముప్ఫై మూడు సెంటీమీటర్లని మొన్న కొలిచిన చీటీలో ఉంది. దాన్ని నేను శకునంగా తీసుకోలేదు, అలాంటి నమ్మకాలు నాకు లేవు. పని సులువవుతుందని మాత్రం అనుకున్నాను.

గీత గురించి రెండో ఆలోచన రాలేదు. నేను పుస్తకం పెన్సిల్ లేకుండా చదవను. పిల్లలకు నోట్సులో ముఖ్యమైన వాక్యం కింద గీత గీయించేవాడిని. గీత ఉన్నది పరీక్షలో వస్తుందని వాళ్ళకు తెలుసు. ఆమె కూడా ముఖ్యమైన అంకె కింద గీత పెట్టిందని అనుకున్నాను.

దుర్గ్‌లో స్టేషన్ రోడ్డు మీద ఒక కంప్యూటర్ సెంటరు ఉంది. డిప్లొమా పిల్లలకు డ్రాయింగు నేర్పుతారు. రిటైరయ్యాక నా భార్య కొన్నాళ్ళు అక్కడ పాఠాలు చెప్పింది. ఆమె దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు అక్కడ టీచరు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడుతుంది. జిరాక్సు చూపించి, గీసిపెట్టమని అడిగాను.

"నేను గీస్తే రెండు గంటల పని అంకుల్," అంది. "మీరు గీస్తే రెండు నెలలు. కానీ మీరే గీయండి. బైఠియే," అని పక్క కుర్చీ చూపించింది.

ఎందుకలా అందో అప్పుడు అడగలేదు. ఇప్పుడు తెలుసు. మంగళవారం, శుక్రవారం భోజనం చేసి ఆటోలో దుర్గ్ వెళ్ళి, నా విద్యార్థుల పిల్లల వయసున్న వాళ్ళ మధ్య కూర్చునేవాడిని. ఆ రెండు రోజులూ గడియారం చూసేవాడిని కాదు.

మొదట జిరాక్సును స్కాన్ చేసి తెర మీదకు తెచ్చాం.

"ఇప్పుడిది కాగితం సైజులో ఉంది," అంది టీచరు. "కంప్యూటర్‌కి అసలు సైజు తెలీదు. మనం చెప్పాలి. ఒక్క కొలత పక్కాగా తెలిస్తే చాలు. ఈ చివర క్లిక్ చెయ్యండి, ఆ చివర క్లిక్ చెయ్యండి. అసలు పొడుగెంతో టైప్ చెయ్యండి. మిగతాదంతా దానంతటదే ఆ సైజుకి వచ్చేస్తుంది."

"పక్కాగా తెలిసింది ఇదొక్కటే," అని 330 చూపించాను.

"మేడమ్ కింద గీత కూడా పెట్టారు. బస్, అదే తీసుకోండి."

నేల పలక మీద ఒక క్లిక్, మోకాలి దిండు మీద ఒక క్లిక్. మూడు, మూడు, సున్నా. నొక్కగానే బొమ్మ తెరను దాటి పెద్దదైపోయింది. నేను భయపడి చేతులు వెనక్కి తీసుకున్నాను. పక్కన కూర్చున్న కుర్రాళ్ళు నవ్వారు. టీచరు మౌసు చక్రం తిప్పి మళ్ళీ మొత్తం కనపడేలా చేసింది.

"పాడవలేదు అంకుల్, అసలు సైజుకొచ్చింది. ఘబ్రాయియే మత్."

ఆ తర్వాత ఆ బొమ్మ మీద గీతకు గీత దిద్దుకుంటూ వచ్చాను. ప్రతి గీతనూ క్లిక్ చేస్తే దాని పొడుగు కంప్యూటరే చెప్పేది. పోయిన అంకెలు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నట్టు ఉండేది. నా భార్య ఈ పని ముప్ఫై ఏళ్ళకు పైగా చేసింది. అది చూడ్డానికి ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. సాయంత్రం ఆమె కళ్ళు ఎర్రగా ఉంటే టీ పెట్టి ఇచ్చేవాడిని. నాకు తెలిసింది అంతే.

ఏప్రిల్ చివర్లో ప్రింటు తీసి వెల్డర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. ప్లాంటులో వెల్డింగు చేసి రిటైరై, సెక్టర్ 6లో క్వార్టరు వెనక రేకుల షెడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్సు చేస్తాడు. కళ్ళజోడు పైకి జరిపి ప్రింటు చూశాడు.

"ఏటి మాస్టారూ, ఇరవై ఏడున్నర మిల్లీమీటర్ల పైపేటి? ఏ దేశంలో దొరుకుతాదండి ఇది?"

"దగ్గరలో ఉన్న సైజు వెయ్యండి."

"ఇరవై అయిదు ఏసీస్తాను. పాపకే కదా, క్రేనుకి కాదు కదా." మళ్ళీ ప్రింటు చూసి, "ఎవరు గీసేరు?" అన్నాడు.

"మా ఆవిడ గీసిందే. నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను."

"అమ్మగారి డ్రాయింగైతే మరింక అడగడానికేటుంది," అని ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మే రెండో వారంలో ఫ్రేము వచ్చింది. నీలం రంగు వేశాడు. ఎదురింటి ముందు గదిలో దించి, తల్లీ నేనూ పాపను ఎత్తి అందులో నిలబెట్టాం. మోకాలి దిండు మోకాలికి అచ్చంగా సరిపోయింది. మిగతాది ఏదీ సరిపోలేదు. పాదాలు పలక మీది పట్టీల్లో గచ్చకాయల్లా కదిలాయి. ఛాతీకి ఆనుకోవాల్సిన పలక మెడ దాకా వచ్చింది. పాప గడ్డం పైకెత్తి దాని మీద పెట్టింది.

"తాతా, ఇది నా గలా దాకా ఉంది. దీని మీద లూడో ఆడాలా, తల పెట్టి నిద్రపోవాలా?"

"నువ్వూరుకో," అంది తల్లి.

"నేనేం అన్నాను? అడిగాను."

పాపను దించి మంచం మీద కూర్చోబెట్టాం. తల్లి బెల్టులు సర్దుతూ, నా వైపు చూడకుండా అంది. "పోనీలెండి బాబాయ్. ఆ సెక్టర్ 6 పిల్ల పొడుగేమో. పిన్ని ఆ పిల్లని చూసి గీసుంటుంది."

ఆమె నన్ను ఓదార్చడానికే అంది. కాని ఆ మాట సరికాదని నాకు తెలుసు. మోకాలు పాప ఎత్తులోనే ఉండి, పైభాగం మాత్రం అంత పొడుగుండే పిల్ల ఎవరూ ఉండరు. ఛాతీ కొలత తీసుకోమని నేను ఎవరికీ చెప్పలేదు, చీటీలో లేదు. డ్రాయింగు ఉందిగా అనుకున్నాను. జూన్ నెలాఖరుకు ఆరు వారాలే ఉంది. ఇంటికి వచ్చాక చేతకానితనం అనిపించింది. దానికంటే కష్టమైన ఆలోచన ఇంకోటి వచ్చింది: ఆమె తప్పు గీసిందేమో. మా ఇంట్లో ఏదైనా అంకె తేడా వస్తే తప్పు నాదే అయ్యేది. అలా ఉండటం నాకు బాగుండేది. ఆమె లేనప్పుడు ఆమె తప్పు పట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

మర్నాడు పొద్దున వెల్డర్ తనే వచ్చాడు. ఎదురింట్లో ఫ్రేము చూసి, మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"పాతది తెండి మాస్టారూ."

జిరాక్సు తెచ్చి ఇచ్చాను. కిటికీ దగ్గర పెట్టి చూశాడు.

"ఇదేటండి, అంకె అడుగున గీతుంది కదా."

"అవును. ముఖ్యమైంది కాబట్టి పెట్టింది. దాన్నే ఆధారంగా తీసుకున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. "ముఖ్యమేటి మాస్టారూ. మీ బడిలో అలగేమో గాని, డ్రాయింగు ఆఫీసులో అడుగున గీత పెట్టేరంటే, అంకెని నమ్ము, బొమ్మని నమ్మకు అని. బొమ్మ మార్చలేదు, నెంబరొక్కటే మార్చేం అని. అలాటిది కనిపిస్తే మేం స్కేలు జేబులో పెట్టీసేవోళ్ళం, బొమ్మ కొలిచేవోళ్ళం కాదు. మీరు ఏరికోరి దాన్నే పట్టుకుని మొత్తమంతా లాగీసేరు."

"మొత్తం బొమ్మ మళ్ళీ గీయకుండా ఎందుకలా?"

"సిరాతో గీసినదండి అది. బ్లేడుతో గోకాల. ఎన్నిసార్లు గోకుతారు? కాయితం చిరిగిపోదా?" మళ్ళీ కాగితం చూశాడు. "నాది కూడా తప్పే. పైపు దగ్గరే పట్టుకోవాల నేను. ఇరవై అయిదు పైపు ఇరవై ఏడున్నర అయిందంటే ఏటి? అన్నీ పదో వంతు ఎదిగిపోయేయి. అమ్మగారు ఇరవై ఏడున్నర పైపు గీస్తారేటండి? నేనైనా అడగొద్దా?"

కాగితం, పెన్సిల్ తీసుకుని లెక్క వేశాం. పదో వంతు తీసేస్తే మోకాలి గీత అసలు పొడుగు మూడు వందలు. ఆమె ముందు మూడు వందలకు గీసింది. తర్వాత అంకెను మూడు వందల ముప్ఫైగా మార్చి కింద గీత పెట్టింది. ఆమె తప్పు గీయలేదు. తప్పుగా చదివింది నేను.

వెల్డర్ వెళ్ళాక ఆ కాగితం మళ్ళీ ముందు పెట్టుకున్నాను. ఆ మూడు సెంటీమీటర్లు బల్ల దగ్గర కూర్చుని మార్చేవి కావు. ఫ్రేము తయారయ్యాక ఆమె సెక్టర్ 6కి వెళ్ళి ఉంటుంది. ఆ పిల్లను అందులో నిలబెట్టి, మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూసి, దిండు పైకి జరిపించి, ఇంటికి వచ్చి అంకె మార్చి ఉంటుంది. అది నాతో చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వినలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం అన్నేళ్ళు గీతలు గీశాం. నా గీతకు అర్థం ఒకటి, ఆమె గీతకు ఒకటి. అప్పటికి ఏడాది కావస్తోంది. ఆమె గురించి నాకు కొత్త విషయం ఒకటి తెలియగలదని నేను అనుకోలేదు. ఆ రోజు కొంచెం తేలికగా అన్నం తిన్నాను.

శుక్రవారం దాకా ఆగలేదు, బుధవారమే దుర్గ్ వెళ్ళాను. గీత సంగతి చెబితే టీచరు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను బోర్డు మీద ఎప్పుడూ గీయలేదు అంకుల్. మాకిలాంటిది రాదు. కొలత మారిస్తే బొమ్మే మారిపోతుంది కదా." తర్వాత మిగతా పిల్లలందరినీ పిలిచి జిరాక్సు చూపించింది.

మళ్ళీ రెండు క్లిక్కులు. ఈసారి మూడు, సున్నా, సున్నా. బొమ్మ చిన్నదైంది. పైపు మీద క్లిక్ చేస్తే ఇరవై అయిదు అని చెప్పింది. ఛాతీ పలక పై అంచు ఎనిమిది వందల యాభై. ఆ పొద్దునే పాపను మంచం మీద పడుకోబెట్టి మడమ నుంచి చంక దాకా కొలిచి వచ్చాను. పలక చంకకు రెండు సెంటీమీటర్లు కిందకు వస్తుంది. అలాగే రావాలి. మోకాలి దిండును ఒక్కదాన్నే మూడు వందల ముప్ఫైకి జరిపాను.

వెల్డర్ పైపులు కోసి తగ్గించి, మళ్ళీ అతికాడు. అతికిన చోట నీలం రంగు కొంచెం ముదురుగా వచ్చింది. మే చివర్లో ఒక సాయంత్రం పాపను మళ్ళీ నిలబెట్టాం. వెల్డర్ వంగి మడమల దగ్గర చూశాడు. తల్లి చేతులు వదిలి, అయినా చేతులు చాపే ఉంచింది.

"మమ్మీ, పట్టుకోలేదు కదా?" అంది పాప.

"లేదే."

"మరి చేతులెందుకలా?" అని, చుట్టూ చూసి, "మన ఫ్రిజ్ మీద ఎంత ధూళ్ ఉందో తెలుసా?" అంది.

మొదటి రోజు పదకొండు నిమిషాలు ఉంది. కాళ్ళు లాగుతున్నాయని ఏడ్చింది. రెండో రోజు ఎక్కను అంది. లూడో బోర్డు పలక మీద పెట్టి వెల్డర్ ఎదురుగా కూర్చున్నాక ఎక్కింది. ఆయన దొంగాట ఆడతాడు, ఆమె కంటే ఎక్కువ. జూన్ రెండో వారానికి నలభై నిమిషాలు దాటింది. నెలాఖరున ఫిజియో చూసి, తుంటి ఇంకా బిగుసుకోలేదని, ఇలాగే చెయ్యమని, ఆపరేషన్ మాట ఇప్పుడు వద్దని చెప్పింది. కాళ్ళు బాగవుతాయని ఆమె చెప్పలేదు. మేమూ అడగలేదు.

దీపావళికి పాప ఎదిగింది. మోకాలు దిండును దాటింది. నేను డ్రాయింగు తెరిచి, ఎంత శాతం పెంచాలో లెక్క వేసి మొత్తాన్ని పెంచేశాను. ప్రింటు చూసి వెల్డర్ తల ఊపాడు.

"మాస్టారూ, పాప ఎదిగితే పైపు కూడా లావెక్కుతాదేటి? బోల్టులు ఎదుగుతాయేటి?"

అప్పుడు టీచరు రెండో పద్ధతి నేర్పింది. స్కేల్ అంటే అన్నిటినీ ఒకేలా పెంచడం. స్ట్రెచ్ అంటే కావలసిన భాగాన్ని మాత్రం పట్టుకుని లాగడం. తక్కినవి ఉన్నచోటే ఉంటాయి. పిల్లలు మొదటి పద్ధతిలో ఎదగరు. ఆ ఆర్నెల్లలో పాప కాలు మోకాలి కింద రెండు సెంటీమీటర్లు పెరిగింది, పాదం ఒక సెంటీమీటరు, నడుము పైభాగం దాదాపు అంతే ఉంది. ఇప్పుడు ఏ భాగానికి ఆ భాగం కొలుస్తాను. పాపకు అది తెలుసు. టేపు చూడగానే గుండె నిండా గాలి పీల్చి పెద్దదవుతుంది.

ఈ మధ్య దుర్గ్ నుంచి ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. వాళ్ళ ఫ్రేములు కూడా గీశాను. ఒకదానిలో పాదాల పలక ఒక వైపు ఎత్తుగా ఉండాలి. అది నేను సొంతంగా గీసిన మొదటి గీత. టీచరు చూసి ఏమీ దిద్దలేదు.

ఎదురింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక పాప వంటింటి గట్టు దగ్గర ఫ్రేములో నిలబడి బఠాణీలు ఒలుస్తుంది, లేదా గోడ మీది క్యాలెండరు పైకి చదువుతుంది. తల్లి పక్కనే గిన్నెలు కడుక్కుంటుంది. ఇదివరకు పని తెమిలేదాకా పాపను వెనక గదిలో మంచం మీద, గోడ వైపుకు తలగడలు పెట్టి పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసేవారు. ఇప్పుడు అలా పడుకోబెట్టడం లేదు.